మన సాకెట్‌లో ఆ 50 ఎక్కడి నుంచి వచ్చింది?

ఈసారి మేము రాసేది పండుగల గురించో, పోడు భూముల గురించో కాదు, కరెంటు గురించి. పోస్టు కొంచెం పెద్దగనే అయింది, తీరిక చూసుకొని చదవండి.

కమాన్‌పూర్‌లో మేముండే హాస్టల్ గదిలో పోయిన నెల ఒక చిన్న పంచాయితీ నడిచింది. మాలో పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ చదివే తమ్ముడు ల్యాబ్ కోసం ఒక మల్టీమీటర్ కొనుక్కొచ్చిండు. దాని మీద హెర్ట్జ్ అనే గుర్తు కూడా ఉంది. సాకెట్‌లో పెట్టి చూస్తే 49.97 అని చూపించింది. కాసేపటికి 50.02 అయింది, మళ్లా 49.99. అరగంట సేపు అట్లనే కూసొని చూసినం. కిందికి పోతది, మీదికి వస్తది, 50ని మాత్రం ఇడిచిపెట్టి దూరం పోదు. "ఎందుకు 50? వంద ఎందుకు కాదు? ముప్పై ఏడు ఎందుకు కాదు?" అని ఒకడు అడిగిండు. "పుస్తకంల అట్లనే ఉన్నది" అని ఇంకొకడు జవాబు చెప్పిండు. మేమందరం పదో తరగతిలో "మన దేశంలో ఏసీ పౌనఃపున్యం 50 హెర్ట్జ్" అని రాసి మార్కులు తెచ్చుకున్నోళ్లమే. ఎవరు పెట్టిన్రు ఆ లెక్క అని ఒక్కరం కూడా అడగలేదు. ఆ రాత్రి మొదలుపెట్టి లైబ్రరీలో, ఫోన్లో, పవర్ హౌస్‌లో పనిచేసి వచ్చిన ఒక కాక దగ్గర తెలుసుకున్నది అంతా ఇక్కడ పెడుతున్నం.

ముందు హెర్ట్జ్ అంటే ఏందో చెప్పుకుందాం. జనరేటర్ లోపల ఒక పెద్ద అయస్కాంతం తిరుగుతది. దాని ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం ఒకదాని తర్వాత ఒకటి తీగచుట్టల ముందు నుంచి పోతయి. ఒక జత ధ్రువాలు దాటేసరికి కరెంటు ఒకసారి ఇటు, ఒకసారి అటు పారి ఒక చుట్టు పూర్తవుతుంది. సెకనుకు ఎన్ని చుట్లయితే అన్ని హెర్ట్జ్. రామగుండం ఎన్‌టీపీసీలో టర్బైన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 50 సార్లు. ధ్రువాలు ఒక్క జతే కాబట్టి అక్కడ పుట్టే కరెంటు 50 హెర్ట్జ్. శ్రీశైలం లాంటి నీటి కేంద్రాల్లో యంత్రాలు చాలా నిదానంగా తిరుగుతయి, అందుకని వాటికి ఎక్కువ జతల ధ్రువాలు పెడతరు. వేగం ఎంతైనా బయటికి వచ్చేది 50 కావాలె.

ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి, చివరిదాకా ఇదే పనికొస్తది. ఎడ్లబండి ఎత్తు ఎక్కుతుంటే ఎడ్ల నడక తగ్గుతుంది కదా, జనరేటర్ కూడా అంతే. వాడకం ఎక్కువై పుట్టించేది తక్కువైతే తిరిగే వేగం తగ్గుతుంది, హెర్ట్జ్ పడిపోతుంది. వాడకం తగ్గితే పెరుగుతుంది. ఒకే గ్రిడ్‌కు కట్టిన యంత్రాలన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్ల లెక్క కలిసే నడుస్తయి. కాబట్టి మా గదిలో మల్టీమీటర్ చూపించిన 49.97 మా ఒక్క హాస్టల్‌ది కాదు. అదే నిమిషంలో కేరళలో చూసినా, కాశ్మీర్‌లో చూసినా దాదాపు అదే అంకె.

ఇగ చరిత్రలోకి పోదాం. 1880లు, 1890ల్లో కరెంటు కొత్తగా వచ్చినప్పుడు ఈ లెక్క మీద ఎవరికీ ఒప్పందం లేదు. ఏ కంపెనీ యంత్రం ఎంత వేగంగా తిరిగితే అదే దాని పౌనఃపున్యం. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ మొదట 133.33తో నడిపింది. ఇంత విచిత్రమైన అంకె ఎందుకంటే వాళ్లు సెకన్లలో లెక్కపెట్టలేదు. కరెంటు నిమిషానికి 16,000 సార్లు దిక్కు మారేది. దాన్ని మన లెక్కలోకి మారిస్తే 133.33 వస్తది. అప్పుడు కరెంటు అంటే బల్బులే కాబట్టి దానితోటి ఇబ్బంది కాలేదు. తర్వాత మోటార్లు వచ్చినయి. మోటారుకు అంత ఎక్కువ పౌనఃపున్యం పడదు, దూరం తీసుకపోయే తీగలకూ పడదు. పోనీ బాగా తగ్గిద్దామంటే బల్బు మిణుకుమిణుకుమంటది, కళ్లు గుంజుతయి. బల్బుకు ఎక్కువ కావాలె, మోటారుకు తక్కువ కావాలె. ఈ రెండిటి మధ్య బేరమాడి 1890ల మొదట్లో వెస్టింగ్‌హౌస్ 60 దగ్గర ఆగింది. ఆ కంపెనీలో పనిచేసిన బెంజమిన్ లామ్ అనే ఇంజనీరు 1918లో ఈ కథంతా ఒక వ్యాసంగా రాసిండు.

నయాగరా జలపాతం దగ్గర జరిగింది ఇంకా తమాషా. అక్కడ నీటి టర్బైన్ల వేగం నిమిషానికి 250 అని ముందే ఖాయమైపోయింది. తర్వాత జనరేటర్‌కు ఎన్ని ధ్రువాలు పెట్టాలని వాదన వచ్చింది. ఒకరు 8 అన్నరు, అట్ల అయితే 16.67 వస్తది. వెస్టింగ్‌హౌస్ వాళ్లు 16 అన్నరు, అట్ల అయితే 33.33. చివరికి మధ్యలో 12కు ఒప్పుకున్నరు. 250ని 12తో గుణించి 120తో భాగించండి, 25 వస్తది. 1895లో నయాగరా 25తో మొదలైంది. అంటే ప్రపంచంలో అప్పటికి అతి పెద్ద కరెంటు కేంద్రం లెక్క ఇద్దరి పంచాయితీలో మధ్యవర్తి చెప్పిన రాజీ అన్నట్టు. సైన్సు అంటే పైనుంచి దిగొచ్చిన సూత్రం అనుకునే మాకు ఇది చదివినప్పుడు మస్తు నవ్వొచ్చింది.

జర్మనీలో 1891లో లాఫెన్ అనే ఊరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శన దాకా 175 కిలోమీటర్లు కరెంటు పంపించి చూపించిన్రు. అది 40 హెర్ట్జ్. 40 దగ్గర దీపాలు మిణుకుమంటున్నయని ఏఈజీ కంపెనీ తర్వాత 50కి పెంచింది. 60 ఎందుకు తీసుకోలేదంటే, పదులు వందల లెక్కకు అలవాటుపడ్డ వాళ్లకు 50 నచ్చిందని చెప్పుకుంటరు. ఏఈజీ యంత్రాలు ఎక్కడెక్కడ అమ్ముడుపోయినయో అక్కడక్కడికి 50 పోయింది.

జపాన్‌లో ఏమైందో చూడండి. టోక్యో వాళ్లు 1895లో జర్మనీ నుంచి ఏఈజీ యంత్రాలు కొన్నరు, 50. ఒసాకా వాళ్లు మరుసటి సంవత్సరం అమెరికా నుంచి జనరల్ ఎలక్ట్రిక్ యంత్రాలు కొన్నరు, 60. ఆ రెండు కొనుగోళ్లతో దేశం రెండు ముక్కలైంది, ఇప్పటికీ అట్లనే ఉంది. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత టోక్యోలో కరెంటు కరువొచ్చింది. పడమటి జపాన్‌లో కరెంటు ఉన్నా, 60ని 50గా మార్చే స్టేషన్ల సత్తా వెయ్యి మెగావాట్లకు అటూఇటూగా ఉండేది. అంతకుమించి ఇయ్యలేకపోయిన్రు.

మన దక్షిణాదికి వద్దాం. 1902లో మైసూరు సంస్థానం కావేరి మీద శివసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టింది. యంత్రాలు జనరల్ ఎలక్ట్రిక్‌వి. పౌనఃపున్యం నయాగరా లెక్కనే 25. ఆ కరెంటు మొదట ఎక్కడికి పోయిందనుకుంటున్నరు? దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు గుంజి కోలార్ బంగారు గనులకు. కోలార్ అంటే మన చిత్తూరు సరిహద్దు, తెలుగు మాట్లాడే కూలీలు కూడా మస్తుమంది ఉన్న చోటు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది మూడేండ్ల తర్వాత, 1905లో. ముందు గని, తర్వాత పట్నం, ఆ తర్వాత ఎప్పుడో ఊరు. 25 ఎందుకంటే కూడా జవాబు అక్కడే ఉంది. నిదానంగా తిరిగే పెద్ద పెద్ద మోటార్లకు 25 అనుకూలం. ఇంట్లో దీపానికి అయితే అది బాగుండదు. ఆ అంకె ఎంచుకున్నప్పుడు వాళ్ల కండ్ల ముందు ఉన్నది గని అని మాకు అర్థమైంది. బొగ్గు గనుల పక్కన ఉండే మాకు ఈ సంగతి తొందరగనే ఎక్కింది.

అప్పట్లో మన దేశాన్ని ఏలిన ఇంగ్లండ్‌లో పరిస్థితి ఇంకా అధ్వానం. 1918లో ఒక్క లండన్‌లోనే 70 దాకా కరెంటు సంస్థలు, 10 రకాల పౌనఃపున్యాలు, 24 రకాల వోల్టేజీలు. ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఇల్లు మారితే బల్బు, మోటారు పనికిరాకపోయేవి. చివరికి 1926లో చట్టం చేసి, సెంట్రల్ ఎలక్ట్రిసిటీ బోర్డు పెట్టి, దేశమంతా 50 అన్నరు. న్యూకాజిల్ ప్రాంతంలో 40తో చక్కగా నడుస్తున్న పెద్ద వ్యవస్థ ఉండేది. దాన్ని కూడా మార్చాల్సి వచ్చింది, మోటార్లతో సహా. అందరికన్నా ఎక్కువ యంత్రాలు ఏ అంకె మీద ఉన్నయో అదే గెలిచింది. మన దగ్గర అప్పుడు కొనే యంత్రాల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ కంపెనీలవే కాబట్టి 50 ఇక్కడ కూడా స్థిరపడ్డది. స్వతంత్రం వచ్చినంక 1956 విద్యుత్ నియమాల్లో, వాడకందారుకు ఇచ్చే కరెంటు పౌనఃపున్యం నూటికి మూడు వంతులకు మించి తేడా రావద్దని రాసిన్రు. అంటే 48.5 నుంచి 51.5 మధ్య ఉండాలె.

కాగితం మీద అట్ల ఉంది. ఇక్కడి నుంచి కథ మన రామగుండానికి వస్తది.

రామగుండంలో రాష్ట్ర విద్యుత్ బోర్డు 62.5 మెగావాట్ల బి-స్టేషన్ 1971లో మొదలైంది. ఎన్‌టీపీసీకి 1978 నవంబర్‌లో మొరార్జీ దేశాయ్ పునాదిరాయి వేసిండు, 1983లో మొదటి యూనిట్ నడిచింది. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు. పెరిగి పెరిగి 2,600 మెగావాట్లు అయింది. అక్కడ పుట్టే కరెంటు ఒక్క మన రాష్ట్రానికే కాదు, కర్ణాటక, తమిళనాడు, కేరళ దాకా పోతది. మా నాయినలు ఇప్పటికీ అంటుంటరు, "బొగ్గు ఈడిదే, బూడిద ఈడిదే, దీపం మాత్రం ఎక్కడనో" అని. వాళ్ల బాధ వాళ్లది. అయితే లెక్క చూస్తే మన ఉమ్మడి రాష్ట్రానికి కూడా అందులో వాటా ఉండేది. అది చాలకపోయేది, అసలు గొడవ అది.

1990ల్లో దక్షిణాది నాలుగు రాష్ట్రాల్లో వాడకం పెరిగింది, పుట్టించేది సాలలేదు. ఎడ్లబండి ఎత్తు ఎక్కుడు మొదలైంది. దక్షిణ గ్రిడ్ గంటల తరబడి 48.5 కింద నడిచేది, ఒక్కోసారి 48 కూడా దాటి కిందికి పోయేది. అదే సమయంలో తూర్పు గ్రిడ్‌లో వాడకం తక్కువ, అక్కడ 51 దాటేది. రెండింటి పేరు 50నే!

తక్కువైతే ఏమైతది అని మేము కాకను అడిగినం. మోటారు వేగం పౌనఃపున్యాన్ని బట్టే ఉంటది. 48కి పడితే బోరు మోటారు వేగం నూటికి నాలుగు వంతులు తగ్గుతది, నీళ్లు పైకి తోసే బలం దాదాపు ఎనిమిది వంతులు తగ్గుతది. ప్లాంటులో అయితే ఇంకా ప్రమాదం. టర్బైన్ చివరి వరుసలో ఉండే పొడుగు రెక్కలు తప్పు వేగం దగ్గర వణికి దెబ్బతింటయి. ఇంకా కిందికి పడితే యూనిట్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతది. ఒకటి ఆగితే మిగిలిన వాటి మీద బరువు, అట్ల అన్నీ కూలుతయి. (మా అమ్మలు చెప్పే "ఫ్యాన్ మెల్లగ తిరిగేది, బల్బు ఎర్రగ వెలిగేది" అనేది మాత్రం చాలావరకు వోల్టేజీ తక్కువ కావడం. మేము కూడా మొదట హెర్ట్జ్ అనే అనుకున్నం. కాక సరిచేసిండు. హెర్ట్జ్ కంటికి కనపడదు.)

అట్ల కూలకుండా సబ్‌స్టేషన్లలో ఒక చిన్న డబ్బా పెడతరు, పేరు అండర్ ఫ్రీక్వెన్సీ రిలే. హెర్ట్జ్ ఒక గీత కిందికి పడంగనే అది ఎవరినీ అడగకుండా కొన్ని ఫీడర్లను కోసేస్తది. బరువు తగ్గి మిగతా బండి నడుస్తది. ఇంజనీరింగ్ లెక్కన ఇది సరైన పనే, లేకపోతే అందరికీ చీకటి. కానీ ఏ ఫీడరుకు ఆ రిలే కట్టాలనేది యంత్రం చెప్పదు, మనుషులు చెప్తరు. ఆసుపత్రి, రైలు, పెద్ద గనులను వదిలేస్తరు. వదలాల్సిందే, గనిలో నీళ్లు తోడే పంపు ఆగితే లోపల మనుషులుంటరు. ఇగ మిగిలేది ఎవరు? ఊర్ల ఫీడర్లు, వాటి చివర్ల ఉండే గూడేలు, తండాలు. మా ఇండ్లల్లో దాన్ని "కరెంటు పోయింది" అన్నరు. మా అక్కలు దీపం పెట్టుకొని పది పరీక్షలకు చదివిన రాత్రుల్లో కొన్ని, దక్షిణ గ్రిడ్‌ను 48 మీద నిలబెట్టడానికి ఖర్చయిన రాత్రులని ఇప్పుడు మాకు తెలిసింది.

పక్క గ్రిడ్‌లో మిగులు ఉంటే తెచ్చుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతరు. తెచ్చుకున్నరు, అది కూడా మన రామగుండం నుంచే. ఒకటి 48 మీద, ఇంకొకటి 51 మీద నడిచే గ్రిడ్లను నేరుగా ముడి వేయలేం, వేరే వేరే నడకలున్న ఎడ్లను ఒకే కాడికి కట్టినట్టయితది. అందుకని గోదావరి అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా భద్రావతి దగ్గర (కర్ణాటక భద్రావతి వేరు) 1990ల చివర్లో ఒక స్టేషన్ కట్టిన్రు. పడమటి గ్రిడ్ నుంచి వచ్చే ఏసీని అక్కడ డీసీగా మార్చి, ఆ పక్కనే మళ్లా ఏసీగా మార్చి, 400 కిలోవోల్టుల లైన్ల మీద రామగుండానికి పంపుతరు. డీసీకి హెర్ట్జ్ ఉండదు కాబట్టి ఇటు నడక అటు అంటదు. దాని సత్తా 1,000 మెగావాట్లు. అచ్చం జపాన్ వాళ్లు 50కి 60కి మధ్య పెట్టుకున్న లాంటి తలుపే. మనం మాత్రం దాన్ని 50కి 50కి మధ్య పెట్టుకున్నం. తర్వాత విశాఖ గాజువాకలో కూడా తూర్పు గ్రిడ్‌తో కలపడానికి ఇట్లాంటిదే పెట్టిన్రు.

50ని నిజంగా 50 దగ్గరికి తెచ్చింది యంత్రం కాదు, డబ్బు. భాను భూషణ్ అనే ఇంజనీరు ఆలోచన మీద ఒక కొత్త పద్ధతి వచ్చింది. ముందు చెప్పిన లెక్కకన్నా ఎక్కువ గుంజిన రాష్ట్రం అప్పటి హెర్ట్జ్‌ను బట్టి ధర కట్టాల్సి ఉండేది. 50.5 దగ్గర ధర సున్నా ఉండేది. కిందికి పోతున్న కొద్దీ ధర పెరిగేది, 49 దగ్గర అన్నిటికన్నా ఎక్కువ ఉండేది. దక్షిణాదిలో ఇది 2003 జనవరి 1 నుంచి అమలైంది. ఎన్నో ఏండ్లు ఉత్తరాలు రాసుకుంటే, కసురుకుంటే కానిది బిల్లు రాంగనే అయింది. హెర్ట్జ్ పైకి లేచింది. తర్వాత గ్రిడ్ కోడ్‌లో గీతలు దగ్గరికి జరుపుకుంట వచ్చిన్రు. 2010లో 49.5 నుంచి 50.2, 2012లో 49.7 నుంచి 50.2, 2014లో 49.9 నుంచి 50.05. మా మల్టీమీటర్ అంకెలు అంత బుద్ధిగా ఎందుకున్నయో అప్పుడు తెలిసింది.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు గ్రిడ్లు కూలి 60 కోట్ల పైచిలుకు మంది ఉండే ప్రాంతం చీకట్ల పడ్డప్పుడు మన దక్షిణం కూలలేదు. కారణం మన గొప్పతనం ఏం కాదు, భద్రావతి లాంటి తలుపుల వెనక వేరుగా ఉన్నం కాబట్టి. అయినా వేరుగా ఉంటే మిగులు కరెంటు సరిపోయేంత రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైన్ కలిపిన్రు. రాయచూరు ఒకప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలోదే. ఆ రోజు నుంచి దేశమంతా ఒకే కాడి, ఒకే అంకె. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిన్రు. అర్ధరాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకొని పొలానికి పోయిన మా నాయినలకు ఆ తేదీ బాగా యాదికుంది.

మా అందరిలో కాలేజీ మెట్లెక్కింది ఇంటికి ఒక్కరమే, మా ముందు ఎవరూ లేరు. సబ్‌స్టేషన్ గేటు బయట ఎండలో నిలబడి "ఎప్పుడొస్తది సార్" అని అడిగినోళ్ల పిల్లలం. లోపల గోడ మీద ఒక మీటరు ఉండేదని, అందులో 48.2 అనో 48.1 అనో అంకె ఉండేదని, ఆపరేటర్ దాన్ని చూసే "తెల్వది పో" అనేవాడని మా నాయినలకు ఎవరూ చెప్పలేదు.

ఒక పని చేద్దామా? మీ గూడేనికి, తండాకు మొదటిసారి కరెంటు స్తంభం ఏ సంవత్సరం వచ్చింది, అంతకుముందు మీ ఊరి మీది నుంచి పెద్ద లైన్లు ఎన్నేండ్లు పోయినయి, ఇంట్ల పెద్దోళ్లను అడిగి కింద రాయండి. సంవత్సరం ఖాయంగా తెలియకపోతే పెద్దోళ్లు చెప్పే గుర్తు రాయండి, ఫలానా పెండ్లి ఏడు, ఫలానా వాన ఏడు అని. మేము ఒక నోటుబుక్కులో ఊరుకో పేజీ గీసి పెట్టినం. మొదటి పేజీలో మా గదిలో ఉన్న ఆరుగురి ఊర్లు రాసినం, ఇద్దరి ఊర్లకు ఇంకా సంవత్సరం దొరకలేదు.